పేరు మనది... పట్టా ఎవరిది?

ఊర్లో ఎవరైనా ఇల్లు మొదలుపెడితే పెద్దమనుషులు మొదట అడిగే మాట ఒక్కటే. ‘జాగ కాగితం ఎవరి పేరు మీద ఉన్నది?’ గోడలు ఎంత ఎత్తు లేపినా, గృహప్రవేశానికి ఎంతమందిని పిలిచినా, కాగితం ఇంకొకరి పేరు మీద ఉంటే ఆ ఇల్లు ఆయనది కాదని చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. తరాల తరబడి దున్నిన భూమిని పహాణీలో పేరు లేక పోగొట్టుకున్న నేల మనది. కాగితం విలువ మనకు ఇంకొకరు వచ్చి చెప్పాల్సిన పని లేదు.

మరి ఇంటర్నెట్‌లో ఇల్లు కట్టుకునేటప్పుడు ఆ సోయి ఏమైపోతున్నది? సంఘానికో వెబ్‌సైట్, పత్రికకో వెబ్‌సైట్, కులవృత్తుల సొసైటీకో వెబ్‌సైట్ పెట్టుకుంటున్నాం. ఆవిష్కరణ సభ పెట్టి శాలువాలు కప్పుకుంటున్నాం. మంచిదే. కానీ ఆ వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్ నేమ్, ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉన్నదో అధ్యక్షుడిని అడిగి చూడండి. ఆయన కార్యదర్శి దిక్కు చూస్తాడు. కార్యదర్శిని అడగండి. ‘సైట్ చేసిన పిల్లగాడికి తెలుసు’ అంటాడు. ఆ పిల్లగాడు ఎక్కడున్నాడు? ‘బెంగుళూర్‌లో ఉన్నడట, ఫోన్ నంబర్ మారింది’ అంటారు. ఇదీ మన ఇంటర్నెట్ ఆస్తి సంగతి!

ఇంకొకరిని అనేముందు మా సంగతే చెప్పుకుంటాం. కొన్నేండ్ల కింద మేము కొందరం మిత్రులం కలిసి ఒక చిన్న సాహిత్య పత్రికకు వెబ్‌సైట్ పెట్టుకున్నాం. తలా ఇంత చందా వేసుకున్నాం. పేరు కొనడం నుంచి పేజీలు కట్టడం దాకా మొత్తం ఒక చిన్న కంపెనీకి అప్పజెప్పాం. ఆరేండ్ల సంచికలు అందులో ఎక్కించాం. ఒకనాడు పొద్దున తెరిచి చూస్తే మా పత్రిక పేరు కింద పేకాట ప్రకటనలు! కంపెనీ దుకాణం అప్పటికే మూతబడ్డది. పేరు వాళ్ల ఖాతాలో, వాళ్ల ఈ-మెయిల్ మీద ఉన్నది. ‘గడువు తీరుతున్నది, రుసుము కట్టండి’ అని వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ మెయిల్‌కే పోయినయి. మా చేతిలో మిగిలింది ఒక రశీదు ముక్క. భూమి భాషలో చెప్పాలంటే సాదా బైనామా. తెల్లకాగితం మీది భూమికైనా సర్కారు ఎప్పుడో ఒకప్పుడు దరఖాస్తు తీసుకుంటది. మా రశీదును తీసుకునే ఆఫీసు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. తప్పు వాళ్లదెంతనో మాదీ అంతే. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తున్నది.

కౌలుదారులమే, యజమానులం కాము

అసలు డొమైన్ నేమ్ ‘కొన్నాం’ అనడమే పెద్ద భ్రమ. ఎవరూ కొనరు. కొనలేరు. ఏడాదికో, రెండేండ్లకో, మహా అయితే పదేండ్లకో కౌలుకు తీసుకుంటారు. మీద ఎవరున్నారో చూడండి. అన్నింటికన్నా పైన 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టిన ఐకాన్ అనే సంస్థ. లాభం కోసం కాదంటారు. 2016 అక్టోబరు దాకా అది అమెరికా వాణిజ్య శాఖతో ఒప్పందం కింద నడిచింది. దాని కింద రిజిస్ట్రీలు. డాట్ కామ్ మొత్తానికి ఒక్కటే జాగీర్దారు, వెరిసైన్ కంపెనీ. ఆ కింద మనకు పేర్లు అమ్మే రిజిస్ట్రార్లు. వాళ్ల కింద తిరిగి అమ్మేవాళ్లు. వాళ్ల కింద మన అమీర్‌పేట వెబ్ డిజైనర్. అట్టడుగున మనం. పైసలు కట్టేది మాత్రం అట్టడుగున ఉన్నోడే!

ఒకప్పుడు ఈ పేర్లకు పైసా లేదు. అడిగినోళ్లకు ఉచితంగా ఇచ్చేవారు. 1995 సెప్టెంబరులో నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ ఏడాదికి 50 డాలర్ల లెక్కన రుసుము పెట్టింది. మొదటిసారి తీసుకునేవాళ్లు రెండేండ్లకు కలిపి 100 డాలర్లు కట్టాలన్నది. అయిదేండ్లు తిరగకముందే, 2000లో, ఆ కంపెనీని వెరిసైన్ దాదాపు 2,100 కోట్ల డాలర్ల విలువ చేసే షేర్లు ఇచ్చి కొనుక్కున్నది. ఉచితంగా పంచిన పేర్ల పుస్తకానికి పలికిన ధర అది! ఆ తర్వాత పోటీ వచ్చింది, అంగట్లో ధరలు తగ్గినయి, కాదనం. కానీ పైన కూర్చున్న జాగీర్దారుకు పోటీ ఎక్కడిది? డాట్ కామ్ టోకు ధర 7 డాలర్ల 85 సెంట్లు ఉండేది. 2021 నుంచి ఏడాదికోసారి, నాలుగు సార్లు పెంచి 2024 సెప్టెంబరుకల్లా 10 డాలర్ల 26 సెంట్లు చేశారు. పేర్ల పట్టిక అదే. కౌలు పెరిగింది.

కౌలు కట్టడం మరిచిపోతే? డాట్ కామ్ వంటి పేర్లకు గడువు తీరినాక కొద్ది రోజులు మామూలు రుసుముకే తిరిగి ఇస్తారు. ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్ దయ. ఆ తర్వాత 30 రోజులు ‘రిడెంప్షన్’ అంటారు. అప్పుడు అసలుకు మించిన దండుగ కట్టాలి. అది కూడా దాటితే 5 రోజులు ఎవరికీ అందకుండా పెట్టి, ఆ పైన వదిలేస్తారు. ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. చాలామంది రిజిస్ట్రార్లు అంతదాకా కూడా ఆగరు. మధ్యలోనే వేలం పెడతారు. పేరున్న పేర్లకోసం కంప్యూటర్లు పెట్టుకుని కాచుకుని కూర్చున్న బేరగాండ్లు ఉన్నారు. పదేండ్లు నడిచిన ఒక పత్రిక పేరంటే వాళ్లకు లెక్క వేరు. ఆ పేరు మీదికి వచ్చే పాఠకులు వాళ్లకు సరుకు. పేకాట కంపెనీకి ఆ సరుకు అమ్ముకుంటారు. మా పత్రికకు అయింది అదే.

కోర్టులు లేవా అంటారు. ఉన్నాయి. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ‘సిఫీ’ పేరుకు దగ్గరగా ‘సిఫ్ఫీ’ అని ఇంకొకరు డొమైన్ పెట్టుకుంటే అది చెల్లదన్నది. డొమైన్ నేమ్ అంటే ఉత్త చిరునామా కాదు, వ్యాపారానికి గుర్తు కూడా అని ఒప్పుకున్నది. అప్పటికి ఈ పేర్ల తగాదాల కోసం దేశంలో విడిగా చట్టం లేదు కాబట్టి ట్రేడ్‌మార్కు సూత్రాలనే వర్తింపజేసింది. అమెరికాలో ఇంకో కేసు. గ్యారీ క్రెమెన్ అనే ఆయన 1994లో ఒక పేరు తీసుకుంటే, మరుసటి ఏడాది ఇంకొకడు దొంగ ఉత్తరం సృష్టించి కంపెనీకి ఇచ్చి దాన్ని తన పేరు మీదికి మార్పించుకున్నాడు. అసలు మనిషికి ఒక్క ఫోన్ చేసి అడిగిన పాపాన పోలేదు ఆ కంపెనీ. 2003లో అప్పీలు కోర్టు, డొమైన్ నేమ్ కూడా ఆస్తేనని, దాన్ని అన్యాయంగా ఇంకొకరికి అప్పగిస్తే కంపెనీ బాధ్యత వహించాల్సి ఉంటుందని తేల్చింది. బాగానే ఉన్నది. కానీ ఈ తీర్పులు ఎవరికి అందినయి? లాయర్లను పెట్టుకుని ఏండ్లకు ఏండ్లు కొట్లాడగలిగినోళ్లకు. నేత సొసైటీకి, బడి పూర్వ విద్యార్థుల సంఘానికి, నెలకు రెండు వందల కాపీలు వేసుకునే పత్రికకు ఆ ఓపిక ఎక్కడిది? ట్రేడ్‌మార్కు ఉన్నోడికి చట్టం చుట్టం. లేనోడికి?

బజార్లో వేలాడదీసిన ఇంటి నంబర్

ఇక రెండో బాధ. పేరు మన పేరు మీదనే పెట్టుకున్నాం అనుకోండి. అప్పుడు ఏమడుగుతారు? పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్, ఈ-మెయిల్. తప్పుడు వివరాలిస్తే పేరు రద్దు చేయొచ్చని షరతు. సరే, నిజాయితీగా ఇస్తాం. ఇచ్చినవన్నీ ఏం చేసేవారో తెలుసా? ‘హూయిజ్’ అనే బహిరంగ పహాణీలో పెట్టేవారు. ప్రపంచంలో ఎవడైనా, ఏ కారణం చెప్పకుండా, అర నిమిషంలో మీ ఇంటి నంబర్ చూసుకోవచ్చు. దాచుకోవాలంటే దానికి వేరే రుసుము! మన వివరాలు మనం గుట్టుగా ఉంచుకోవడానికి మనమే పైసలు కట్టాలి. దీన్ని వ్యాపారం అందామా, వసూలు అందామా?

ఇసుక దొంగల మీద రాసే కుర్రవాడు, మొగుడి దెబ్బలు తప్పించుకుని వేరే ఊర్లో బతుకుతూ కవిత్వం రాసుకునే ఆడబిడ్డ, ఆఫీసర్ల లంచాల లెక్కలు బయటపెట్టే మాజీ గుమాస్తా, వీళ్లందరూ ఒక వెబ్‌సైట్ పెట్టుకుంటే ఇంటి దారి పటం గీసి గోడకు అంటించినట్టే అయ్యేది. యూరప్ వాళ్లు 2018 మే 25 నుంచి తమ డేటా రక్షణ చట్టాన్ని అమల్లోకి తెచ్చినాక గానీ ఐకాన్‌కు జ్వరం పట్టలేదు. జరిమానాల భయానికి డాట్ కామ్ వంటి పేర్లలో మనుషుల వివరాలకు మసి పూయడం మొదలైంది. 2025 జనవరిలో ‘హూయిజ్’ బాధ్యతను కూడా ఎత్తేసి దాని స్థానంలో కొత్త పద్ధతి తెచ్చారు. సంతోషమే. కానీ అంతకుముందు ఇరవై ఏండ్ల వివరాలు? వాటిని టోకున తోడుకుని దాచిపెట్టుకున్న కంపెనీలు ఉన్నాయి. పాత పహాణీలను పైసలకు చూపించడమే వాళ్ల వ్యాపారం. ఒకసారి బజార్లో పడ్డ ఇంటి నంబర్ మళ్లీ ఇంట్లోకి రాదు.

చూడండి, మనం వెతికే వెతుకులాట కూడా మనది కాదు. 2008 జనవరిలో ఆ నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీయే ఏం చేసిందో తెలిస్తే నోరు తెరుస్తారు. ‘ఈ పేరు ఖాళీగా ఉన్నదా?’ అని ఎవరైనా దాని సైట్‌లో వెతికితే చాలు, ఆ పేరును తానే పట్టేసుకుని నాలుగు రోజులు ఇంకో దుకాణంలో దొరక్కుండా చేసింది. కొనేవాళ్ల రక్షణ కోసమే చేశామని సమర్థించుకున్నది కూడా. కోర్టు దాకా పోయింది. అంగట్లో చీర ధర అడిగినందుకు ఇంకో దుకాణానికి పోనివ్వకుండా చీరను దాచేయడాన్ని రక్షణ అంటామా?

మరి ‘ప్రైవసీ’ సర్వీసు కొనుక్కుంటే అయిపోతది కదా అంటారు కొందరు తెలివైనోళ్లు. ఆగండి. అక్కడే అసలు మెలిక ఉన్నది. ఆ సర్వీసులు రెండు రకాలు. ఒకదాంట్లో పట్టాదారు మనమే, చిరునామా మాత్రం వాళ్లది. రెండోదాన్ని ‘ప్రాక్సీ’ అంటారు. అందులో పట్టాదారు కాలమ్‌లోనే వాళ్ల పేరు ఎక్కుతది. మనం ఉత్త అనుభవదారులం. బినామీ అన్నమాట! ఆ బినామీ దుకాణం ఎత్తేస్తే? అదీ జరిగింది. 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే అమెరికా రిజిస్ట్రార్ కుప్పకూలింది. లక్షల పేర్లు గాల్లో వేలాడినయి. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి ఆ పేర్లను వేరే కంపెనీకి మార్చడానికి నెలలు పట్టింది. అందులో అందరికన్నా ఆగమైంది ఎవరు? ఆ కంపెనీ ప్రైవసీ సర్వీసు తీసుకున్నవాళ్లు. రికార్డులో వాళ్ల పేరు లేదు. ‘ఇది నాది’ అని రుజువు చేసుకోవడానికి నానా అగచాట్లు పడ్డారు. గుట్టు కావాలంటే పట్టా వదులుకో, పట్టా కావాలంటే గుట్టు వదులుకో. ఇదేం న్యాయం? రెండూ మన హక్కులే. ఒకదానికి ఇంకోదాన్ని తాకట్టు పెట్టమనడానికి వీళ్లెవరు?

దొంగల పేరు చెప్పి...

మనోళ్ల డాట్ ఇన్ సంగతి చూద్దాం. 2003లో ఏర్పడిన నిక్సీ అనే సంస్థ దాన్ని చూస్తున్నది. 2005లో అందరికీ తెరిచారు. దేశం పేరు మీది జాగ కాబట్టి దేశంలోని మనిషికి ఎక్కువ రక్షణ ఉంటుందనుకుంటాం. కానీ డాట్ కామ్‌లో దొరికే ప్రైవసీ, ప్రాక్సీ సర్వీసులను డాట్ ఇన్‌లో వాడరాదని నిబంధన పెట్టారు. ఎందుకయ్యా అంటే దొంగలు దాక్కుంటారంటారు. ఇంత ‘దేశీయం’ అంటూనే సాంకేతిక నిర్వహణను మాత్రం మొదట అఫీలియాస్‌కు, తర్వాత న్యూస్టార్‌కు, 2025లో కెనడాకు చెందిన టూకౌస్‌కు ఇచ్చారు. మన మనిషికి మన దేశంలో గుట్టు వద్దట. విదేశీ కంపెనీకి మన పేర్ల బస్తా మోసే పని మాత్రం ముద్దట!

దొంగల మాట అబద్ధం కాదు. దాన్ని మేము దాటవేయం. బ్యాంకు పేరుకు ఒక్క అక్షరం మార్చి డొమైన్ తీసుకుని పింఛను పైసలు ఊడ్చేసేవాళ్లు ఉన్నారు. లోన్ల పేరు చెప్పి పరువు తీసి పిల్లల ప్రాణాలు తీసినవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టుకోవాల్సిందే. ముసుగు వేసుకుని తప్పించుకునే వీలు వాళ్లకు ఉండకూడదు. కానీ ఒక్క మాట. దొంగ తన నిజమైన చిరునామా ఇస్తాడా? ఎవడిదో ఆధార్ కాగితం, ఎవడిదో సిమ్ కార్డు పెట్టి పని కానిస్తాడు. నిజం చెప్పి బజార్లో నిలబడేది మర్యాదస్తుడే. దొంగను పట్టడానికి కావాల్సింది ఊరందరి ఇంటి నంబర్లు చౌరస్తాలో అంటించడం కాదు. వివరాలు రిజిస్ట్రార్ దగ్గర భద్రంగా ఉండాలి. కోర్టు అడిగితే, చట్టప్రకారం పోలీసు అడిగితే, కారణం రాతపూర్వకంగా పెడితే, ఇవ్వాలి. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో లెక్క ఉండాలి. బ్యాంకు ఖాతా వివరాలను చూసేది అట్లనే కదా! డొమైన్‌కు మాత్రం వేరే న్యాయమెందుకు?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం చేశారు. దాని నిబంధనలు రావడానికే 2025 నవంబరు దాకా పట్టింది. డాట్ ఇన్ వివరాల్లో కొన్నింటిని బయటి వెతుకులాటలో కనబడకుండా చేస్తున్నాం కదా అని నిక్సీ పెద్దలు అనవచ్చు. అది వాళ్లు ఇవాళ చూపిన దయ. రేపు తీసేస్తే అడిగే దిక్కు ఉండాలి. మనం అడుగుతున్నది దయ కాదు, హక్కు.

జనం పేరుకు రేటు కట్టేవాళ్లు

ఇది ఒక్కరిద్దరి బాధ అనుకుంటే పొరపాటు. జాతుల పేర్లు, నదుల పేర్లు, సంఘాల పేర్లు కూడా ఇదే సంతలో ఉన్నాయి. అమెజాన్ అంటే ఏమిటి? నది. అడవి. అక్కడ బతికే ఆదివాసుల నేల. ‘డాట్ అమెజాన్’ మాకు కావాలని 2012లో కంపెనీ దరఖాస్తు పెట్టింది. బ్రెజిల్, పెరూ దేశాలు వద్దని మొత్తుకున్నాయి. ఒకసారి ఆగింది కూడా. కానీ ఏండ్ల తరబడి నడిచి చివరికి 2019లో ఐకాన్ బోర్డు కంపెనీ దిక్కే మొగ్గింది. నది పేరు కంపెనీ ఖాతాలో జమ అయింది!

కాటలోనియా సంగతి చూడండి. తమ భాషకు, సంస్కృతికి ఒక జాగ కావాలని అడిగి 2005లో ‘డాట్ క్యాట్’ సాధించుకున్నారు. 2017 అక్టోబరు 1న రెఫరెండం పెట్టుకున్నప్పుడు, దానికి పదకొండు రోజుల ముందు స్పెయిన్ పోలీసులు బార్సిలోనాలోని ఆ రిజిస్ట్రీ ఆఫీసు మీద పడ్డారు. సాంకేతిక విభాగం పెద్దను అరెస్టు చేశారు. పేర్ల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే గొంతు వాళ్ల చేతిలో ఉన్నట్టేనని అంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు? రాష్ట్రం కోసం, భాష కోసం, నీళ్ల కోసం నోరు తెరిచిన ఏ జనమైనా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

కొట్లాడితే గెలవలేమా? గెలిచిన సంగతీ చెప్పాలి. ‘డాట్ ఆర్గ్’ అంటే స్వచ్ఛంద సంస్థలు, సంఘాలు వాడుకునేది. కోటికి పైగా పేర్లున్నాయి. 2019లో మొదట దాని ధరల మీద ఉన్న హద్దు తీసేశారు. ఆ నవంబరులోనే దాన్ని నడిపే సంస్థను ఎథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి 113 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముతున్నామని ప్రకటించారు. ప్రపంచంలోని సంఘాలన్నీ లొల్లి చేసినయి. ఐకాన్ ఆఫీసు ముందు నిలబడి నిరసన తెలిపినయి. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ వద్దని లేఖ రాశాడు. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. అడిగితేనే ఆగింది. ఊకుంటే అమ్ముడుపోయేది.

ఇగ మన పని

మొదట మన ఇల్లు చక్కదిద్దుకుందాం. ఈ పత్రిక కింద పెట్టి ఈ రోజే మీ సంఘం డొమైన్ ఎవరి పేరు మీద ఉన్నదో అడగండి. పట్టాదారు కాలమ్‌లో సంఘం రిజిస్టర్డ్ పేరు ఉండాలి. డిజైనర్ పేరు కాదు, అధ్యక్షుడి సొంత పేరు కూడా కాదు. అధ్యక్షులు మారుతారు, అలుగుతారు, పార్టీలు మారుతారు. చిరునామా సంఘం ఆఫీసుది ఇవ్వండి, ఎవరి ఇంటిదీ ఇవ్వొద్దు. ఖాతాకు సంఘం ఈ-మెయిల్ పెట్టండి. ఆ మెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు పోయిననాడు మెయిల్ కూడా పోతది. తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. పేరు వేరే దిక్కు పోకుండా ‘లాక్’ వేసి పెట్టండి. బదిలీకి కావాల్సిన రహస్య కోడ్‌ను ఎవరికి పడితే వారికి చెప్పొద్దు. సంవత్సరం సంవత్సరం కాకుండా వీలైనన్ని ఏండ్లకు ఒకేసారి కట్టండి. గడువు తేదీని మినిట్స్ పుస్తకంలో రాయండి. ప్రైవసీ తీసుకుంటే పట్టాదారు కాలమ్‌లో మీ పేరే ఉండే రకం తీసుకోండి.

ఇక సర్కారును, నిక్సీని అడగాల్సినవి. వ్యక్తుల ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ బయటపెట్టబోమని డాట్ ఇన్ నిబంధనల్లోనే రాయాలి, ఒక్క రూపాయి అదనంగా తీసుకోకుండా. ఇంకొకరి పైసలతో పేరు తీసుకుని తన పేరు మీద పెట్టుకునే కాంట్రాక్టర్‌ను అడ్డుకునే నిబంధన ఉండాలి. చిన్న సంఘాలు లాయరు లేకుండా, తెలుగులో దరఖాస్తు రాసి తగాదా తేల్చుకునే దారి ఉండాలి. తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ ఇచ్చి గొప్పలు చెప్పుకుంటే సరిపోదు. తెలుగులో పేరు ఇచ్చినోళ్లు తెలుగులో షరతులు, తెలుగులో గడువు నోటీసు ఎందుకు ఇవ్వరు? మన భాష అలంకారానికి పనికొస్తది, ఒప్పందానికి పనికిరాదా?

మా పత్రిక పేరు పోయింది. ఆరేండ్ల సంచికల్లో అచ్చు ప్రతులు ఉన్నవి మిగిలినయి, ఇంటర్నెట్‌లోనే రాసినవి పోయినయి. ఆ పేరు కింద ఇవాళ్టికీ పేకాట నడుస్తున్నది. చూసినప్పుడల్లా కడుపు మండుతది. ఆ మంట మీకు రావద్దు. పేరు పెట్టింది మనం. పెంచింది మనం. పట్టా కూడా మన పేరు మీదనే ఉండాలి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి. రెండింటిలో ఏ ఒక్కటి వదులుకోమన్నా, ఒప్పుకునేది లేదు!